కళ్లమునుండి గాదెకు: వరిగింజలోని రవాణా

వరిచేను ఈని, పూత ముగిసిన కొలది దినములకు రైతు వెన్నునుండి ఒక గింజను త్రెంచి గోటితో నొక్కి చూచును. తెల్లని పాలు చిమ్మినచో, "చేను పాలు పోసుకొన్నది" అని సంతోషించును. మరికొన్ని దినములకు ఆ పాలు చిక్కబడి, ముద్దగా మారి, తుదకు గట్టి గింజ యగును. ఈ మార్పును మనము తరతరములుగా ఎరుగుదుము. అయితే ఆ పాలలోని పదార్థములు ఎక్కడ తయారై, ఏ దారిని పోయి, ఎక్కడ నిలువ యగుచున్నవి? వాటిని నడిపించువా రెవ్వరు? ఈ ప్రశ్నలకు గడచిన నాలుగైదు దశాబ్దములలో కొంత సమాధానము లభించినది. ఆ సమాధానమునే నేడు మీ ముందుంచ దలచితిమి.

బియ్యపు గింజలో అధికభాగము పిండిపదార్థమే. మాంసకృత్తులు నూటికి సుమారు 7 పాళ్లు మాత్రమే. పప్పుధాన్యములతో పోల్చిన నిది స్వల్పము. కాని పూటపూటకు అన్నమే ప్రధానాహారమైన ఇండ్లలో, పప్పు, పాలు చాలినంత దొరకని ఇండ్లలో, ఈ స్వల్పభాగమే బిడ్డల ఎదుగుదలకు ఒక ముఖ్యాధారము. కావున ఆ ఏడు పాళ్ల చరిత్ర మనకు పరాయి విషయము కాదు.

బియ్యములోని మాంసకృత్తులలో ముఖ్యమైనవి రెండు తెగలు. మొదటిది గ్లుటెలిన్. గింజలోని మాంసకృత్తులలో నూటికి 60 మొదలు 80 పాళ్ల వరకు ఇదియే. రెండవది ప్రోలమిన్. ఈ రెండును ఒకే జీవకణములో తయారగును గాని వేరువేరు చోట్ల నిలువ చేయబడును. ప్రోలమిన్ తాను పుట్టిన చోటనే చిన్న చిన్న బంతులుగా గడ్డకట్టి యుండిపోవును. ఈ బంతులు మన కడుపులో సరిగా జీర్ణము కావు. గ్లుటెలిన్ అట్లుగాక కణములో కొంతదూరము ప్రయాణము చేసి వేరొక తావున నిలువ యగును. ఇది మనకు సులువుగా జీర్ణమగును. జపాను దేశమున గ్లుటెలిన్ తక్కువగా నుండు ఒక వరి రకమును రూపొందించి, మాంసకృత్తులు మితముగా తినవలసిన మూత్రపిండ రోగుల కొరకు ఉపయోగించుచున్నారు. ఆ బియ్యములో ప్రోలమిన్ హెచ్చుగానే యున్నను, అది జీర్ణము కాదు గనుక రోగికి భారము కాదు. గింజలో మాంసకృత్తు ఎంత యున్నదను ప్రశ్నతోపాటు, ఏ రూపమున, ఏ తావున నున్నదను ప్రశ్నయు ముఖ్యమని దీనివలన తెలియుచున్నది.

ఇప్పుడు గ్లుటెలిన్ ప్రయాణమును చూతము. మనకు తెలిసిన కళ్లమును, గాదెను మనస్సున నుంచుకొన్నచో ఇది సుబోధకముగా నుండును. జీవకణములో అంతర్జీవద్రవ్య జాలకమను పొరల వలయొకటి కలదు. గ్లుటెలిన్ దానిపై తయారగును. అదియే కళ్లము. అక్కడినుండి అది గాల్జీ పరికరమను మరియొక పొరల దొంతరకు చేరును. కళ్లమున ధాన్యమును కొలిచి బస్తాల కెత్తినట్లు, ఇక్కడ సరకు వేరుపరుపబడి, పొరతో చుట్టబడిన చిన్న తిత్తులలోనికి ఎక్కింపబడును. ఈ తిత్తులే బండ్లు. చివరకు ఆ బండ్లు రిక్తిక అను పెద్ద సంచిని చేరి సరకును దింపును. అదియే గాదె. కణమున తయారైనప్పుడు గ్లుటెలిన్ ఒకే పొడవైన గొలుసు. గాదెను చేరిన పిదపనే అది రెండు తునకలుగా కత్తిరింపబడి నిలువకు సిద్ధమగును. కత్తిరింపబడని గొలుసు గింజలో పేరుకొన్నచో, సరకు గాదెను చేరలేదని గ్రహింపవలెను. ఈ గుర్తును శ్రోతలు జ్ఞాపకముంచుకొన గోరుదుము. దీని అవసరము మరల వచ్చును.

ఈ మార్గమును మానవుడు ఒక్కనాట కనుగొనలేదు. 1898లో ఇటలీ దేశపు వైద్యుడు కమిల్లో గాల్జీ, గుడ్లగూబ మెదడులోని నాడీకణములకు రంగు పట్టించి చూచుచు, లోపల వలవంటి నిర్మాణమును గాంచెను. అది నిజముగా నున్నదా, రంగు కల్పించిన భ్రమయా అని పండితులు అర్ధశతాబ్దము వాదించుకొనిరి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చిన పిమ్మట 1950 తరువాతి దశకమున ఆ వాదము తీరినది. జార్జి పలాడే అను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు జంతువుల క్లోమగ్రంథి కణములకు రేడియోధార్మిక పదార్థమును తినిపించి, కొత్తగా పుట్టిన మాంసకృత్తులు జాలకమునుండి గాల్జీకి, గాల్జీనుండి తిత్తులకు, తిత్తులనుండి వెలుపలికి పోవు దారిని వరుసగా గుర్తించిరి. 1974లో పలాడేకు నోబెల్ బహుమానములో భాగము లభించినది.

దారి తెలిసినది. బండ్లు కనబడినవి. కాని వాటిని నడిపించువా రెవ్వరో తెలియలేదు. అందుకు రొట్టెపిండిని పులియబెట్టు ఈస్టు తోడ్పడినది. అమెరికాలో బర్క్లీయందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున రాండీ షెక్మన్, ఆయన శిష్యుడు పీటర్ నోవిక్ 1979లో ఒక విచిత్రమైన ఈస్టును ప్రకటించిరి. అది చల్లని తావున మామూలుగా పెరుగును. 37 డిగ్రీల వేడిమికి తెచ్చినచో, లోపల తయారైన సరకు వెలికి పోక తిత్తులు పేరుకొనిపోవును. పేరుకొన్న కణములు బరువెక్కును గనుక, చిక్కని ద్రవములో అవి మిగిలిన వాటికన్న దిగువకు దిగును. ఈ సులభమైన ఉపాయముతో వారు చెడిపోయిన కణములను ఏరి, 1980 నాటికి ఈ రవాణాకు కావలసిన 23 జన్యువులను గుర్తించిరి. 2013లో షెక్మన్ కు, ఆయనతోపాటు జేమ్స్ రోత్మన్, థామస్ సూడాఫ్ లకు నోబెల్ బహుమానము వచ్చినది.

ఆ 23 జన్యువులలో నాలుగవ సంఖ్యగల దానిని 1987లో నోవిక్, సాల్మినెన్ అనువారు చదివి చూడగా, అది జి.టి.పి. అను పదార్థమును పట్టుకొను ఒక చిన్న మాంసకృత్తును తయారుచేయునని తేలినది. 1989లో జపాను శాస్త్రజ్ఞులు నకానో, మురమత్సు అదే వర్గమునకు చెందిన మరియొక దానిని కనుగొనిరి. మొదటిది బండి తుది మజిలీలో పనిచేయునది. రెండవది కళ్లమునుండి బండి బయలుదేరునప్పుడు పనిచేయునది. బయలుదేరుటకొకటి, దిగుటకొకటి! దారి పొడవునను ఇట్టి చిన్న అధికారులు నిలిచియున్నారని అప్పుడు స్పష్టమైనది.

ఈ అధికారుల పని యెట్టిది? ఇవి చాల చిన్న మాంసకృత్తులు. ఒక్కొక్కటి సుమారు 200 ఎమైనో ఆమ్లముల గొలుసు. ఇవి సరకును తయారుచేయవు. సరకును మోయవు. బండిని లాగవు. రాత్రివేళ గాదెకడ లాంతరు పట్టుకొని నిలిచిన మనిషిని ఊహించుకొనుడు. లాంతరు వెలుగుచుండగా బండ్లు ఆ వాకిటికి వచ్చి ఆగును. లాంతరు ఆరినచో ఆ వాకిలి వాటికి తెలియదు. జి.టి.పి. అణువులో మూడు ఫాస్ఫేటు తునకలు కలవు. అది పట్టుకొన్నంతసేపు మాంసకృత్తు ఒక ఆకృతిలో నుండును. ఇది వెలిగిన లాంతరు. మూడింటిలో ఒక తునక విరిగిపోగా రెండు తునకల జి.డి.పి. మిగులును. మాంసకృత్తు ఆకృతి మారును. లాంతరు ఆరినది. దీనికి తోడు ఇరువురు సహాయకులు కలరు. ఒకరు పాత జి.డి.పి.ని తొలగించి కొత్త జి.టి.పి. వచ్చి చేరుటకు చోటిత్తురు. అనగా లాంతరు వెలిగింతురు. మరియొకరు జి.టి.పి.ని త్వరగా విరుగజేసి దానిని ఆర్పుదురు. వెలిగించువాడు ఏ పొరయొద్ద నుండునో అక్కడనే లాంతరు వెలుగును. కావుననే బండికి తన గమ్యము తెలియును.

వెలిగిన మాంసకృత్తు తన నూనెవంటి తోకను పొరలో గ్రుచ్చి నిలుచును. అప్పుడది పొడవైన త్రాళ్లవంటి ఇతర మాంసకృత్తులను పిలుచును. ఆ త్రాళ్లు వచ్చుచున్న తిత్తిని పట్టి దరికి లాగును. తిత్తిపొరయు, గాదెపొరయు కలిసిపోవునట్లు ముడివేయువారు వేరుగా నున్నారు. పని ముగియగానే లాంతరు ఆరును. వేరొక మాంసకృత్తు వచ్చి ఆరిన దానిని పొరనుండి ఊడదీసి మొదటి తావునకు కొనిపోవును. మరల వెలుగుట, మరల ఆరుట. గింజ పాలు పోసుకొను దినములలో ఇది ఎడతెగక జరుగుచుండును.

ఇట్టి చిన్న మాంసకృత్తులు ఒక్క మొక్కలో ఎన్ని యుండును? ఆవ కుటుంబమునకు చెందిన అరబిడాప్సిస్ అను చిన్న మొక్క జన్యుపాఠము 2000లో వెలువడినది. దానిని పరిశీలించినవారు 93 లెక్కించిరి. వాటిలో రాబ్ అను తెగవి 57, ఆర్ఫ్ తెగవి 21, రోప్ తెగవి 11, రాన్ తెగవి 4. ఈస్టులో రాబ్ తెగవి 11 మాత్రమే. జంతువులలో పెరుగుదలను నడుపునట్టిదియు, చెడినప్పుడు పుట్టకురుపునకు కారణమగునట్టిదియు నగు రాస్ అను తెగ మొక్కలలో లేదు. రోప్ తెగ మాత్రము మొక్కల కెల్ల సొంతము. మొక్క తావు మారజాలదు. శత్రువు వచ్చినను పారిపోలేదు. నీరు కావలసినచో వేరును ఆ దిక్కునకు పెంచవలెను. వెలుగు కావలసినచో కొమ్మను పెంచవలెను. పెంచుట యనగా గోడకు, పొరకు కావలసిన సరకును ఆ దిక్కునకు పంపుటయే. కదలలేని జీవికి లోపలి రవాణాయే కాళ్లు చేతులు.

దీనికొక నిదర్శనము. 1991లో జర్మనీ శాస్త్రజ్ఞులు అరబిడాప్సిస్ లో ఒక వింత మొలకను వర్ణించిరి. దానికి వేరు లేదు. బీజదళములు చక్కగా విడివడలేదు. పొట్టిగా, గుండ్రముగా నుండు ఆ మొలకకు గ్నోమ్ అని, అనగా మరుగుజ్జు అని, పేరిడిరి. దానిలో చెడిపోయినది ఆర్ఫ్ తెగ లాంతరును వెలిగించు సహాయకుడని తరువాత తెలిసినది. ఆక్సిన్ అను వృద్ధిరసము కణమునుండి కణమునకు ఒకే దిక్కున ప్రవహించినప్పుడే మొలక తల, వేరు ఏర్పడును. ఆ రసమును వెలికి పంపు ద్వారములు కణపు ఒక ప్రక్కనే అమర్చబడవలెను. లాంతరు సరిగా వెలుగనిచో ద్వారములు తమ ప్రక్కను చేరవు. రసమునకు దిక్కు తెలియదు. మొలకకు వేరు రాదు. గాదెకడ ఒక దీపము వెలుగక పోయినందున ఇల్లంతయు రూపు మారిపోయిన దన్నమాట.

ఇక మన వరిగింజకు మరలుదము. కత్తిరింపబడని గ్లుటెలిన్ గొలుసును గూర్చి జ్ఞాపకముంచుకొన గోరితిమి. ఆ గొలుసు హెచ్చుగా పేరుకొన్న వరి మొక్కలను జపాను పరిశోధకులు చాలకాలముగా ఏరి పెంచుచుండిరి. చైనాలోను అట్టి మొక్కలను సేకరించిరి. వాటి గింజలు చూచుటకు తెల్లగా, పొడిపొడిగా నుండును. మామూలు బియ్యమువలె గాజు మెరుపు వాటికి లేదు. కారణము వెదకగా 2010, 2011 సంవత్సరములలో ఆ రెండు దేశములవారును ఒకే జన్యువును చేరిరి. అది రాబ్ తెగకు చెందిన రాబ్5ఎ అను చిన్న మాంసకృత్తు జన్యువు. ఆ మొక్కల గింజలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూడగా ఆశ్చర్యకరమైన దృశ్యము కనబడినది. కళ్లమున గ్లుటెలిన్ తయారైనది. గాల్జీలో బండ్ల కెక్కినది. బండ్లును కదలినవి. కాని గాదెకడ లాంతరు లేదు. అవి గాదెను దాటి కణపు అంచుకు పోయి, వెలుపలి గోడకును, కణపు పొరకును నడుమ సరకును పారబోసినవి! 2013లో చైనా పరిశోధకులు అదే లాంతరును వెలిగించు సహాయకుడు లోపించిన వరిని పరీక్షించి, అందులోను ఇట్టి కష్టమే కలిగినదని తెలిపిరి.

ఇక్కడ ఒక్క క్షణమాగి ఆలోచింపవలెను. ఆ మొక్కకు ఎరువు తక్కువ కాలేదు. నీరు తక్కువ కాలేదు. గ్లుటెలిన్ జన్యువు చెడలేదు. సరకు పుట్టినది. బండ్లు లేకపోలేదు. లోపించినది గాదె వాకిట ఒక చిన్న దీపము. అంతమాత్రమున సరకు గోడవెలుపల పడి, గాదె వెలితి యయినది. మాంసకృత్తు గాదెలు సరిగా నిండక, పిండిరేణువులు బిగువుగా కూర్చబడక, గింజ పిండిబారినది. ఇట్టి గింజ మరలో సులువుగా విరిగి నూక యగునని వేరుగా చెప్పనక్కరలేదు.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసి యున్నది. పొట్టతెలుపు కనబడిన ప్రతి గింజయు ఈ జన్యులోపము కలదని తలపరాదు. గింజ గట్టిపడు దినములలో ఎండ మిక్కుటమైనను పొట్టతెలుపు వచ్చును. రకమును బట్టియు వచ్చును. మేము చెప్పినది ప్రయోగశాలలలో ఏరిన కొన్ని మొక్కల మాట. అయినను దానివలన ఒక నిజము బయటపడినది. గింజ నాణ్యమునకు ఎరువు, నీరు, రకము మాత్రమే గాక లోపలి రవాణాయు కారణము. వేడిమి పెరుగుచున్న ఈ కాలమున గింజ నిండు దినములలో ఏమేమి తడబడుచున్నదో తెలిసికొన దలచిన పరిశోధకుడు ఈ దారినికూడ పరీక్షింపక తప్పదు. బియ్యములో జీర్ణమగు మాంసకృత్తును పెంచదలచినవాడు, తయారీని పెంచినంత మాత్రమున తృప్తిపడరాదు. పెరిగిన సరకుకు గాదెలో చోటున్నదా, దానిని చేర్చుటకు దీపములు చాలునా అని చూడవలెను.

ఈ పరిశోధనకు మూలాధారమైన వరి జన్యుపాఠము 2005లో సంపూర్ణముగా వెలువడినది. పది దేశములు కలిసి చేసిన ఆ పనిలో మన భారతదేశమును భాగస్వామి. వరి యొక్క పన్నెండు క్రోమోజోములలో పదునొకండవదానిలో కొంత భాగము మనవారు చదివిరి. గుడ్లగూబ మెదడులో కనబడిన వల, క్లోమగ్రంథిలో పరీక్షింపబడిన దారి, రొట్టెపిండిలో దొరికిన అధికారి, ఆవమొక్క బంధువులో లెక్కింపబడిన సంఖ్య, తుదకు మన అన్నపుగింజలో కలిసినవి. ఈస్టుకు రొట్టెయెట్లు పొంగునో తెలిసికొనుట వరికేమి మేలుచేయునని 1979లో ఎవరైన అడిగియున్నచో సమాధానము చెప్పుట కష్టమై యుండెడిది. జ్ఞానమునకు తొందర పెట్టిన ఫలము దక్కదు. చేను పండునంత ఓర్పు దానికిని కావలెను.

శ్రోతలారా, రేపు మీ ఇంట బియ్యము చేరుగుచుండగా, గాజువలె మెరయు ఒక గింజను వెలుతురుకు పట్టి చూడుడు. దానిలో కొన్ని వారములపాటు లెక్కకు మిక్కిలియైన బండ్లు దారి తప్పక నడచినవి. ప్రతి వాకిట లాంతరు సమయమునకు వెలిగి, సమయమునకు ఆరినది. అందువలననే ఆ గింజ గట్టిగా నున్నది. పంట పండించుటతో పని తీరదనియు, పండినది చేరవలసిన చోటికి చేరవలెననియు మన రైతు ఎన్నడో ఎరుగును. అదే మాట గింజలోపలను నిజమేయని ఇప్పుడు తెలిసినది.